పాఠం చెబుతూ పట్టా పొందే దారి ఏది?

ఉప్పల్ చౌరస్తా నుండి నారపల్లి దాకా వరంగల్ రోడ్డు వెంట గోడలకు, కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాల్లో ఒక ప్రకటన ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంది. బీఈడీ చేయండి, కాలేజీకి రానక్కర్లేదు, ఉద్యోగం మాననక్కర్లేదు అని రాసి కింద ఒక ఫోన్ నంబరు వేస్తారు. ఇప్పుడది సెల్‌ఫోన్‌లోకి కూడా ఎక్కి ‘ఆన్‌లైన్ బీఈడీ’ అయింది. పేరు మారిందే గానీ సరుకు మారలేదు.

ఈ ప్రకటన ఎవరి కోసమో తెలుసుకోవడం కష్టం కాదు. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, ఇటు నాచారం, మల్లాపూర్ గల్లీల్లో రెండంతస్తుల ఇళ్లలోనే నడిచే చిన్న ప్రైవేటు బడులు ఎన్నో ఉన్నాయి. వాటిలో పాఠాలు చెప్పేవారిలో ఎక్కువమంది మహిళలు. డిగ్రీ పాసై పెళ్లికి ముందో, తమ పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాకో, ఇంటికి దగ్గర అని చేరినవారు. మన ముస్లిం కుటుంబాల్లో ఆడపిల్ల ఉద్యోగం చేస్తానంటే ఇంటి పెద్దలు గొడవ లేకుండా ఒప్పుకునేది చాలాచోట్ల ఇదొక్కటే. పిల్లలు వీరిని కొన్ని బడుల్లో ‘ఆపా’ అంటారు, కొన్ని బడుల్లో ‘టీచర్’ అంటారు. పాఠం చక్కగా చెప్పేవారు వీరిలో ఎందరో ఉన్నారు. లేనిది శిక్షణ పొందినట్లు చూపే కాగితం.

ఆ కాగితం లేకపోయినా ఇంతకాలం పని నడిచింది. ఇక ముందు నడవడం కష్టం.

కోర్టు ఏమన్నది?

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు అంజుమన్ ఇషాఅతె తాలీం ట్రస్టుకు, మహారాష్ట్ర ప్రభుత్వానికి మధ్య నడిచిన కేసులో తీర్పు ఇచ్చింది. జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం అది. విద్యాహక్కు చట్టం వర్తించే బడుల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులు, ఆ చట్టానికి ముందు చేరిన వారైనా సరే, టెట్ పాస్ కావలసిందేనని కోర్టు తేల్చింది. పదవీ విరమణకు ఐదేళ్లకు మించి గడువు ఉన్నవారికి రెండేళ్ల వ్యవధి ఇచ్చింది. అప్పటికీ పాస్ కాకపోతే ఉద్యోగం వదులుకోవాలి. ఐదేళ్ల లోపు సర్వీసు మిగిలినవారు కొనసాగవచ్చు, కాని ప్రమోషన్ ఉండదు.

టెట్ రాయాలంటే ముందు డీఎల్‌ఈడీ గాని, బీఈడీ గాని ఉండాలి, లేదా చదువుతూ ఉండాలి. అంటే టెట్ గురించిన తీర్పు చివరికి శిక్షణ పట్టా లేనివారి మెడకే ఎక్కువగా చుట్టుకుంటుంది. సర్కారు బడుల్లోని టీచర్లకు సంఘాలు ఉన్నాయి, వారి గోడు పత్రికల్లో వస్తుంది. గల్లీ బడిలో పనిచేసే ఆపాకు ఏ సంఘమూ లేదు.

ఇక్కడ మనవాళ్లు ఒక మాట అంటున్నారు. మైనారిటీ సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ప్రమతి కేసులో చెప్పింది కదా, మనకేమిటి భయం అని. ఆ మాట నిజమే. అయితే 2025 తీర్పులో ఇద్దరు జడ్జీలు ఆ పాత తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపమని ప్రధాన న్యాయమూర్తిని కోరారు. అది తేలేవరకు మైనారిటీ సంస్థలను మినహాయించారు. ఇంకొక సంగతి. ముస్లిం యజమాని నడిపినంత మాత్రాన బడి మైనారిటీ సంస్థ కాబోదు. దానికి సమర్థ అధికారి నుండో, 2004 చట్టం కింద ఏర్పడిన జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ నుండో హోదా ఉండాలి. తాము పనిచేసే బడికి ఆ కాగితం ఉందా లేదా అన్నది అక్కడి టీచర్లలో ఎందరికి తెలుసు? దీనీ మదర్సాల సంగతి వేరు. 2012 సవరణతో మతబోధ ప్రధానంగా సాగే మదర్సాలను, వేద పాఠశాలలను చట్టం పరిధి నుండి స్పష్టంగా తప్పించారు. కాని మదర్సాలో ఆలిం, ఫాజిల్ పూర్తి చేసి ప్రైవేటు బడిలో ఉర్దూ చెబుతున్న మౌల్వీ సాబ్ మాత్రం ఆ బడికి వర్తించే నియమాల కిందికే వస్తారు.

మూడు మాటల మధ్య తేడా

రెగ్యులర్, దూరవిద్య, ఆన్‌లైన్ అనే మూడు మాటలను కలగాపులగం చేసి అమ్ముకోవడం మీదే కన్సల్టెన్సీల వ్యాపారం నడుస్తున్నది. కాబట్టి వాటిని విడదీసి చూడాలి.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2014లో చేసిన నిబంధనల్లో బీఈడీ మూడు రూపాల్లో ఉంది. మొదటిది రోజూ కాలేజీకి వెళ్లే రెండేళ్ల రెగ్యులర్ కోర్సు. రెండవది రెండేళ్ల దూరవిద్య. మూడవది మూడేళ్ల పార్ట్‌టైమ్. పూర్తిగా ఆన్‌లైన్‌లో ముగిసే బీఈడీ అనేది ఆ నిబంధనల్లో లేనే లేదు. విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎం.ఏ. ఎడ్యుకేషన్ ఉంది. యూజీసీ అనుమతి ఉన్న చోట అది చెల్లుబాటయ్యే పీజీ డిగ్రీయే. చదువుకోదగినదే. కాని దానితో టీచర్ ఉద్యోగానికి కావలసిన శిక్షణ అర్హత రాదు. ఎం.ఏ. ఎడ్యుకేషన్‌ను చూపి ‘ఇది బీఈడీ కంటే పెద్దది’ అని చెప్పేవారి మాట నమ్మి ఫీజు కట్టినవారు మన మధ్యే ఉన్నారు.

దూరవిద్యా బీఈడీ మాత్రం నిజమైన దారి. అది మన ఊళ్లోనే ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. దాని తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి, ఆ తర్వాత 1985లో ఏర్పడిన ఇగ్నోకు కూడా తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఉప్పల్‌కు కూతవేటు దూరంలోని ఉస్మానియాలో దూరవిద్యా కేంద్రం ఆయన పేరుతోనే ఉంది. గచ్చిబౌలిలో 1998లో వెలసిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బీఈడీని రెగ్యులర్‌గానూ, దూరవిద్యగానూ ఇచ్చింది. కొన్ని మదర్సాల సనదులను గుర్తించి తన కోర్సుల్లో ప్రవేశం కల్పించడం ఆ విశ్వవిద్యాలయం చేసిన మేలు. మదర్సాలో చదివిన నాలాంటి వారికి ఆ మేలు విలువ తెలుసు.

మూసిన తలుపు

ఇన్ని ఉన్నా నారపల్లి టీచరమ్మకు దారి దొరకదు. ఎందుకంటే దూరవిద్యా బీఈడీలో చేరడానికి 2014 నిబంధనలు పెట్టిన షరతు ఇది: ప్రాథమిక స్థాయిలో శిక్షణ పొంది ఉద్యోగం చేస్తున్న టీచర్ అయి ఉండాలి, లేదా ఎన్‌సీటీఈ గుర్తించిన ఏదో ఒక ఉపాధ్యాయ శిక్షణను తరగతికి హాజరై పూర్తి చేసి ఉండాలి. అంటే డీఎల్‌ఈడీ ఉన్నవారు బీఈడీకి వెళ్లవచ్చు. ఏ శిక్షణా లేని బీఏ, బీఎస్సీ టీచర్‌కు ప్రవేశం లేదు. పదేళ్లు పాఠం చెప్పినా లేదు.

ఈ షరతు ఊరికే పెట్టలేదు. ఒకప్పుడు పోస్టులో పుస్తకాలు పంపి, పోస్టులోనే బీఈడీ పట్టాలు పంచిన విశ్వవిద్యాలయాలు దేశంలో ఉండేవి. ఒక్కసారి కూడా నల్లబల్ల ముందు నిలబడని వారు టీచర్లై వచ్చారు. ఆ దుకాణాలు మూయించడం కూడా 1993లో ఎన్‌సీటీఈ చట్టం తేవడానికి ఒక కారణం. 1995 నుండి ఆ మండలి చట్టబద్ధ సంస్థగా పనిచేస్తున్నది. దొంగ పట్టాలను ఆపాలనే ఉద్దేశం మంచిదే. కాని ఇప్పుడు ఫలితం తలకిందులైంది.

ఎలాగంటే, శిక్షణ లేని టీచర్ ముందు రెండే దారులు మిగిలాయి. ఉద్యోగం మాని రెండేళ్లు రెగ్యులర్ కాలేజీకి వెళ్లడం ఒకటి. ఇంటి అద్దెలో, తమ్ముడి ఫీజులో ఆమె జీతం వాటా ఉన్నప్పుడు అది జరిగే పని కాదు. రెండవది, రెగ్యులర్ కాలేజీలో పేరు నమోదు చేయించుకుని హాజరు కాకుండానే హాజరు వేయించుకోవడం. దీనికి మన ప్రాంతంలో ‘నాన్ అటెండింగ్’ అని బహిరంగంగానే పేరు. నిబంధన ప్రకారం తరగతులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఆ అంకెలు రిజిస్టర్లో చక్కగా కనిపిస్తాయి. నిజాయితీగా దూరవిద్యలో చదవగోరే ఆమెకు తలుపు మూసి, అబద్ధపు హాజరు వైపు కిటికీ తెరిచి పెట్టిన ఘనత ఈ నిబంధనదే. అబద్ధపు హాజరుతో వచ్చిన పట్టాతో ఆమె పిల్లల ముందు నిలబడి నిజం చెప్పడం గురించి పాఠం చెప్పాలి. ఈ అవమానం ఆమెది కాదు, ఆ స్థితి కల్పించినవారిది.

ఒకసారి తెరిచిన తలుపు

ఈ తలుపు ఒకసారి తెరుచుకుంది. ఆ కథ తప్పక తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం శిక్షణ లేని టీచర్లకు మొదట 2015 మార్చి 31 వరకు గడువు ఇచ్చింది. లక్షల మంది మిగిలిపోయారు. 2017లో చట్టాన్ని సవరించి గడువును 2019 మార్చి 31కి పొడిగించారు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, డీఎల్‌ఈడీ కోర్సును ‘స్వయం’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద, స్వయంప్రభ టీవీ చానెల్ మీద నడిపింది. ఇంటర్నెట్ లేనివారు టీవీలో పాఠం చూశారు. సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లలో కలుసుకున్నారు. తమ బడిలోనే బోధన అభ్యాసం చేశారు. దేశవ్యాప్తంగా పన్నెండు లక్షలకు పైగా టీచర్లు పేర్లు నమోదు చేసుకున్నారు. ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో ఉపాధ్యాయ విద్య పూర్తి చేయడం అనే ప్రయోగం ఇంత పెద్ద ఎత్తున ఇంకెక్కడా జరిగిందో లేదో!

మరి ఆ పట్టాకు తర్వాత పట్టిన గతి ఏమిటి? మామూలు డీఎల్‌ఈడీ రెండేళ్లు. వీరికి ఉద్యోగ అనుభవం ఉందని పద్దెనిమిది నెలలకు కుదించారు. ఆ ఆరు నెలలే కొంపముంచాయి. సర్కారు కొలువులకు ఈ పట్టా పనికిరాదని 2019లో ఎన్‌సీటీఈ బీహార్‌కు చెప్పింది. 2020 జనవరిలో పాట్నా హైకోర్టు ఆ మాటను కొట్టివేసింది. 2023 నవంబర్ 28న ఉత్తరాఖండ్ కేసులో సుప్రీంకోర్టు పద్దెనిమిది నెలల పట్టా రెండేళ్ల పట్టాకు సమానం కాదంది. 2024 డిసెంబర్‌లో అదే కోర్టు వివరణ ఇస్తూ, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి, 2019 ఏప్రిల్ 1 లోపు కోర్సు పూర్తి చేసినవారి పట్టా చెల్లుతుందని ఊరట కలిగించింది. ప్రభుత్వమే రమ్మని పిలిచి, ప్రభుత్వమే పాఠం చెప్పి, ప్రభుత్వమే పరీక్ష పెట్టి ఇచ్చిన పట్టా కోసం టీచర్లు ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు!

ఇక్కడ ఆ రెండు తేదీలను గమనించాలి. ఏ రోజున ఉద్యోగంలో ఉన్నారు, ఏ రోజుకు కోర్సు పూర్తి చేశారు అన్నదాని మీదే వేలాది కుటుంబాల బతుకు ఆధారపడింది. కోర్సు ఆన్‌లైన్‌లో జరిగిందన్న కారణంతో ఎవరి పట్టా పోలేదు. పేచీ అంతా కాలవ్యవధి గురించి, అర్హత గురించి.

చూసేవారు ఎవరు?

నా అభిప్రాయంలో ఉపాధ్యాయ విద్యలో పుస్తకం చదవవలసిన భాగాన్ని ఆన్‌లైన్‌లో చదవడం తప్పేమీ కాదు. పిల్లల మనస్తత్వం గురించిన పాఠాన్ని లెక్చరర్ ముఖం ఎదురుగా విన్నా, ఫోన్‌లో రాత్రి పది గంటలకు అంట్లు తోమిన తర్వాత విన్నా పాఠం ఒకటే. రాత్రి వినేవారికి నిద్ర తక్కువ, అంతే. తేడా వచ్చేది తరగతి గదిలో. నలభై మందిలో వెనక బెంచీ పిల్లవాడికి భిన్నాలు అర్థం కాలేదని టీచర్ ఎప్పుడు గమనించింది, గమనించి ఏమి చేసింది, ఇది పక్కన కూర్చుని చూసేవారు ఉంటేనే తెలుస్తుంది.

మన మదర్సా సంప్రదాయంలో సనద్ మీద ఉస్తాద్ పేరు ఉంటుంది, ఆయన ఉస్తాద్ పేరు కూడా ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని వినిపించుకున్న తర్వాతే ఇజాజత్ ఇస్తారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు అన్నది అక్కడ మొదటి ప్రశ్న. బీఈడీ నిబంధనలు కోరేది కూడా ఇంచుమించు అదే. రెండేళ్లలో ఇరవై వారాలు బడుల్లో పని చేయాలి. ఇగ్నో దూరవిద్యా బీఈడీలో సైతం ఏడాదికి పన్నెండు రోజుల చొప్పున రెండు వర్క్‌షాపులు పెట్టి, మనిషి స్వయంగా రావాలంది.

ఉద్యోగంలో ఉన్న టీచర్‌కు ఇందులో అసలైన సౌకర్యం ఉంది. రెగ్యులర్ విద్యార్థికి బడిని వెతకాలి, ఈమె రోజూ బడిలోనే ఉంది. లేనిది ఆ పాఠాన్ని చూసి సరిదిద్దేవారు, ఆ కొద్ది రోజుల సెలవు. ఈ రెండూ బడి యాజమాన్యం చేతిలో ఉన్నాయి. కాని వర్క్‌షాప్‌కు పన్నెండు రోజులు సెలవంటే జీతం కోసే బడులే ఎక్కువ. ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు ఖర్చు పెట్టాలని 1994 నాటి జీఓ నంబర్ 1 చెబుతున్నది. దాని జోలికి వెళితే ఇంకొక వ్యాసం అవుతుంది. యాజమాన్యాల కష్టాలు నేను ఎరగనివి కావు. ఫీజు బకాయిలు, అద్దె, కరెంటు బిల్లు అన్నీ నిజమే. అయినా గుర్తింపు రెన్యువల్ ఫైలులో వేరొకరి బీఈడీ పట్టా జత చేసి, తరగతిలో పట్టా లేని ఆమె చేత తక్కువ జీతానికి పాఠం చెప్పించే పద్ధతిని ఏ కష్టమూ సమర్థించదు.

దూరం సంగతి కూడా చెప్పాలి. జూబ్లీహిల్స్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలో ఉర్దూ విశ్వవిద్యాలయం. నారపల్లి నుండి నగరం ఈ కొస నుండి ఆ కొసకు ప్రయాణం. ఉప్పల్ నుండి రాయదుర్గం వరకు మెట్రో వచ్చాక కొంత నయం. కాని నారపల్లి నుండి ఉప్పల్ చేరడమే ఒక పరీక్ష. 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్లకు ఏళ్లు సాగి ఆ రోడ్డును ఇరుకు సందు చేశాయి. పసిబిడ్డను అత్తగారికి అప్పగించి ఆదివారం క్లాసుకు వెళ్లే తల్లికి ఆ రెండు గంటలు లెక్కే.

అడగవలసింది ఏమిటి?

2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీని 2030 నాటికి కనీస అర్హతగా చేయాలంది. ఆ మాట అందరికీ తెలుసు. అదే పత్రంలో, ఆ కోర్సు నడుపుతూ దూరవిద్యకు కూడా గుర్తింపు ఉన్న సంస్థలు ఉద్యోగంలో ఉన్న టీచర్లకు, మారుమూల ప్రాంతాల వారికి మిశ్రమ పద్ధతిలో గాని దూరవిద్యలో గాని బీఈడీ ఇవ్వవచ్చని, అయితే బోధన అభ్యాసానికి, మార్గదర్శకులకు గట్టి ఏర్పాట్లు ఉండాలని కూడా రాశారు. మనం పట్టుకోవలసిన వాక్యం అది. ఉద్యోగంలో ఉన్న, శిక్షణ లేని టీచర్లకు 2017లో మాదిరిగా మళ్లీ ఒక అవకాశం ఇవ్వాలి. ఈసారి కాలవ్యవధి కుదించకుండా రెండేళ్లకు రెండేళ్లు నడపాలి. అప్పుడు కోర్టుకు వెళ్లే పని ఉండదు. నిబంధనల్లో ఉన్న మూడేళ్ల పార్ట్‌టైమ్ బీఈడీని ఉప్పల్ వంటి చోట సాయంత్రం తరగతులుగా నడపాలని ఉస్మానియాను, ఉర్దూ విశ్వవిద్యాలయాన్ని కోరాలి. మన అంజుమన్లు, మస్జిద్ కమిటీలు ప్రతి ఏటా పదో తరగతి ఫస్ట్ ర్యాంకులకు సన్మానాలు చేస్తాయి. ఆ పిల్లలకు చదువు చెప్పినవారి వర్క్‌షాప్ ఖర్చు భరించడం అంతకంటే పెద్ద భారం కాదు.

అది జరిగే లోపు ఫీజు కట్టబోయే సోదరీమణులు కొన్ని సంగతులు చూసుకోవాలి. ఒకటి నుండి ఐదు తరగతులు చెప్పేవారికి బీఈడీ పనికిరాదని, డీఎల్‌ఈడీయే కావాలని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దేవేశ్ శర్మ కేసులో తేల్చింది. అందుచేత చిన్న తరగతుల టీచర్ ముందు ఏ పట్టా తనకు అక్కరకు వస్తుందో నిర్ణయించుకోవాలి. కోర్సుకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరుతో వెతికితే తెలుస్తుంది. దూరవిద్య అయితే యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు, ఆ ఏడాది మూడూ ఉండాలి. 2024 నుండి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ ఆ విభాగం పోర్టల్‌లో డెబ్ ఐడీ అనే నంబరు స్వయంగా తీసుకోవాలి. ‘అదంతా మేము చూసుకుంటాం’ అని ఏజెంటు అన్నాడంటే అక్కడ నుండి లేచి రావడం మంచిది. డబ్బు విశ్వవిద్యాలయం ఖాతాకే చేరాలి, రసీదు విశ్వవిద్యాలయం పేరుతోనే ఉండాలి.

మరొకటి, సర్వీసు సర్టిఫికెట్. చాలామంది ఏళ్ల తరబడి పనిచేసి, బడి మారేటప్పుడు ఉత్త చేతులతో వచ్చేస్తారు. రేపు ప్రభుత్వం మళ్లీ అవకాశం ఇచ్చినా, 2017లో మాదిరిగానే ఫలానా తేదీ నాటికి ఉద్యోగంలో ఉన్నవారికి మాత్రమే అంటుంది. కాబట్టి ఇప్పుడు పనిచేస్తున్న బడి నుండే, చేరిన తేదీ, చెబుతున్న తరగతులు, బడి గుర్తింపు నంబరు ఉన్న కాగితాన్ని హెడ్మాస్టర్ సంతకంతో, ముద్రతో తీసుకుని ఇంట్లో పెట్టుకోవాలి. జీతం నగదుగా ఇచ్చే బడి అయితే, బ్యాంకు ఖాతాలో వేయమని అడగాలి. బ్యాంకు పుస్తకంలో పడిన తేదీని ఎవరూ కాదనలేరు.